కాకిబంగారం చెప్పిన కొలత

సింహపురి తీరగాథ – 11వ భాగం

గత భాగంలో బకింగ్‌హాం కాలువ పడవల వెంట ఉప్పు కొటార్లు చూసుకుంటూ పులికాటు దాకా వచ్చి ఆగాం. ఈసారి తీరాన్ని కాస్త వదిలి పడమటికి జరుగుదాం. గూడూరు దాటి సైదాపురం దారి పడితే, పాత గనుల చుట్టుపక్కల నేల ఎండకు తళతళలాడుతుంది. మట్టిలో, గట్ల మీద, బండ్ల బాటల్లో చిన్న చిన్న పెంకులు మెరుస్తుంటాయి. వాటిని పిల్లలు ఏరుకుని గోటితో చీల్చి ఆడుకుంటారు. మన పెద్దలు దాన్ని కాకిబంగారం అన్నారు. వైద్యుల పుస్తకాల్లో, గనుల దస్త్రాల్లో దాని పేరు అభ్రకం. అభ్రమంటే మేఘం.

ఒక పెంకు చేతిలోకి తీసుకోండి. అంచున గోరు పెడితే రెండు పొరలవుతుంది. అందులో ఒకదాన్ని మళ్ళీ చీల్చితే ఇంకో రెండు. ఇలా ఎంతవరకు చీల్చుకుంటూ పోవచ్చు? చేతికి ఓపిక అయిపోతుంది గానీ పొరలు అయిపోవు. ఈ చిన్నపిల్లల ప్రశ్నకు కచ్చితమైన జవాబు ఇరవయ్యో శతాబ్దంలో గానీ దొరకలేదు. ఆ జవాబు ఒక నానోమీటరు. నెల్లూరు తీరం ఈ నానోమీటర్ల కొలతను మూడుసార్లు ఎదుర్కొంది. మొదట గనిలో, తర్వాత రొయ్యల గుంటలో, ఆపైన రాకెట్టులో. ఈ భాగం ఆ మూడు ఎదుర్కోళ్ళ కథ.

ఒక్క పొర మందం

మీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం మిల్లీమీటరు. దాన్ని వెయ్యి చేస్తే మైక్రోమీటరు. దాన్ని మరో వెయ్యి చేస్తే నానోమీటరు. అంటే మీటరులో నూరు కోట్లో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. నెత్తుటిలోని ఎర్రకణం అడ్డుకొలత సుమారు 7,000. తల్లిదండ్రుల పోలికలను బిడ్డకు చేర్చే డీఎన్ఏ పోగు మందం 2.

నెల్లూరు అభ్రకం మస్కొవైట్ అనే జాతికి చెందింది. దాని నిర్మాణం ఆత్రేయపురం పూతరేకుల దొంతరలా ఉంటుంది. సిలికా పొరలు రెండు, వాటి మధ్య అల్యూమినా పొర ఒకటి. ఈ మూడూ గట్టిగా అతుక్కుని ఒక రేకు అవుతాయి. రేకుకూ రేకుకూ మధ్య పొటాషియం పరమాణువులు పలచగా పరుచుకుని ఉంటాయి. ఆ పొటాషియం పట్టు బలహీనం. అందుకే గోరు పెడితే అక్కడే వీడుతుంది, రేకు మాత్రం చెక్కుచెదరదు. ఒక్కో రేకు మందం సుమారు ఒక నానోమీటరు. పిల్లవాడి చేతిలో మిల్లీమీటరులో పదోవంతు మందమున్న పెంకు ఉందంటే, అందులో దాదాపు లక్ష రేకులున్నట్టు.

ఒకటి నుంచి నూరు నానోమీటర్ల మధ్య ఉన్న వస్తువులను తయారుచేసి, కొలిచి, పనికి పెట్టే విద్యనే నానో సాంకేతికత అంటున్నాం. చిన్నది చేసినంత మాత్రాన కొత్త విద్య ఎందుకు కావాలని అడగవచ్చు. ఆ కొలతలో పదార్థం స్వభావమే మారిపోతుంది. అందుకు కారణాలు రెండు.

మొదటిది పైతలం. సెంటీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఒక ఘనాన్ని తీసుకుంటే దాని ఆరు ముఖాల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక్కో నానోమీటరు ముక్కలుగా కోస్తే ఆ ముక్కల ముఖాలన్నీ కలిపి 6,000 చదరపు మీటర్లు అవుతాయి. అంటే దాదాపు ఎకరన్నర. బరువు పెరగలేదు. కానీ గాలితో, నీటితో, క్రిమితో తగిలే తావు ఇంత నుంచి అంతయింది. రసాయన చర్యలన్నీ తగిలే చోటే జరుగుతాయి. అందుకే పొడి ఎంత సన్ననైతే అంత చురుకు.

రెండోది ఎలక్ట్రాన్ల తీరు. వీణ తీగను మెట్టు మీద నొక్కి పొడవు తగ్గిస్తే శ్రుతి పెరుగుతుంది. అలాగే కొన్ని నానోమీటర్ల రేణువులో ఇరుక్కున్న ఎలక్ట్రానుకు తిరిగే చోటు తగ్గేకొద్దీ శక్తి మెట్లు ఎడం అవుతాయి. ఒకే పదార్థం, రేణువు పెద్దదైతే ఎర్రగా, చిన్నదైతే నీలంగా వెలుగుతుంది. వీటిని క్వాంటం చుక్కలంటారు. వీటిని కనుగొని, తయారుచేసే దారి చూపినందుకు బవెండి, బ్రూస్, ఎకిమోవ్ అనే ముగ్గురికి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ ఇచ్చారు.

ఈ రెండు సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు, మిగిలిన కథంతా వాటి విస్తరణే.

పచ్చ అభ్రకం నాడు

నెల్లూరు ప్రాంతంలో అభ్రకం తవ్వకాలు పందొమ్మిదో శతాబ్దం చివరి పాదంలో ఊపందుకున్నాయి. గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి తాలూకాల మీదుగా ఈ ఖనిజ పట్టీ కొడవలి ఆకారంలో సాగుతుంది. బీహారు అభ్రకం కెంపు రంగు, మనది లేత ఆకుపచ్చ. ఆ రంగు పేరుతోనే ప్రపంచ వ్యాపారంలో నెల్లూరు పేరు నిలిచింది. ఇనికుర్తి గనిలో బయటపడిన మస్కొవైట్ స్ఫటికం ప్రపంచంలో నమోదైన అతి పెద్ద స్ఫటికాల పట్టికలోకి ఎక్కింది.

గనిలోంచి వచ్చిన దిమ్మను వ్యాపారంలో ‘బుక్’ అంటారు. చూడటానికి అట్ట ఊడిన పుస్తకంలాగే ఉంటుంది. దాన్ని చీల్చడం కత్తి పని. ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళ చేతుల్లో నడిచింది. మరక ఉన్న పొర వేరు, బీట ఉన్న పొర వేరు, తేటగా ఉన్నది వేరు. కంటితో చూసి, వేలితో తడిమి మందం చెప్పగల నైపుణ్యం వాళ్ళది. మైక్రోమీటర్లలో పొరలు తీసే ఆ చేతులకు యంత్రం చాలాకాలం సాటి రాలేదు.

ఈ పొరల కోసం ప్రపంచం ఎందుకు ఎగబడింది? అభ్రకం విద్యుత్తును పారనివ్వదు. సుమారు 500 డిగ్రీల వేడికి కూడా చెడదు. పలచగా చీల్చినా గట్టిదనం పోదు. 1909 ప్రాంతంలో అమెరికాలో విలియం డూబిలియర్ రెండు లోహపు రేకుల మధ్య అభ్రకం పొర పెట్టి కెపాసిటర్ చేశాడు. కెపాసిటర్ అంటే విద్యుదావేశాన్ని నిలవచేసే బుడ్డి. మధ్యనున్న పొర ఎంత పలచనైతే అంత ఎక్కువ ఆవేశం పడుతుంది. రేడియో కేంద్రాన్ని పట్టుకోవడానికి, శ్రుతి తప్పకుండా నిలపడానికి అది అవసరమైంది. ఆనాటి రేడియో వాల్వుల్లో లోపలి తీగలను కదలకుండా పట్టి ఉంచేవి కూడా అభ్రకం బిళ్ళలే.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి విమానాల ఇంజన్లకు, రేడియోలకు, రాడార్లకు అభ్రకం లేనిదే గడవని పరిస్థితి వచ్చింది. బ్రిటన్, అమెరికా కలిసి భారతదేశంలో అభ్రకం కొనుగోలు కోసమే ఒక ఉమ్మడి మిషన్‌ను నడిపాయి. యుద్ధం ముగిశాక 1946లో అభ్రకం గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టం వచ్చింది. మన కలిచేడులో గని కార్మికులకు ఆసుపత్రి ఆ నిధి పుణ్యమే.

అయితే 1947 డిసెంబరులోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. వాల్వులు మూలన పడ్డాయి. పింగాణీ కెపాసిటర్లు చవకగా వచ్చాయి. అభ్రకానికి గిరాకీ ఏడాదికేడాది పడిపోయింది. గనులు ఒక్కొక్కటే నీళ్ళు నిండి మూతపడ్డాయి. నెల్లూరు పొర ఎన్నో దేశాల రేడియోల్లో పలికింది. ఆ రేడియో లోపలి లెక్క మాత్రం మన ఊళ్ళకు రాలేదు. పదార్థం ఓడ ఎక్కి వెళ్ళింది, దాని విద్య తిరుగు ఓడలో రాలేదు.

వైద్యుడి వేలి గీతలు

ఇక్కడ ఒక్క క్షణం వెనక్కి వెళ్ళాలి. గనులు తవ్వకముందు నుంచే మన వైద్యులు అభ్రకాన్ని భస్మం చేస్తున్నారు. ఆ పద్ధతిలో మొదటి మెట్టు పేరు ధాన్యాభ్రకం. కాల్చి శుద్ధిచేసిన అభ్రకాన్ని వడ్లతో కలిపి గుడ్డలో మూటగట్టి, పులిసిన గంజిలో నానబెట్టి, చేత్తో బలంగా నలుపుతారు. వడ్ల గరుకుకు పొరలు నలిగి, గుడ్డ కన్నాల్లోంచి సన్నని పొడిగా గంజిలోకి దిగుతాయి. గులకరాళ్ళు, ముతక ముక్కలు మూటలోనే ఉండిపోతాయి. మన గూడూరు అభ్రకం, మన నెల్లూరు వడ్లు ఈ పనికి ఎంత చక్కగా కుదిరే జత! ఆ తర్వాత మూలికల రసంతో నూరి, పిడకల పుటంలో కాలుస్తారు. నూరు పుటాలు పెట్టింది శతపుటి, వెయ్యి పుటాలు పెట్టింది సహస్రపుటి.

భస్మం కుదిరిందో లేదో చూడటానికి పెట్టుకున్న పరీక్షలు గమనించదగ్గవి. చిటికెడు తీసి రుద్దితే వేలి గీతల్లోకి దూరాలి. అది రేఖాపూర్ణం. నీటి మీద చల్లితే తేలాలి. అది వారితరం. ఎండలో చూస్తే ఒక్క మెరుపైనా కనిపించకూడదు. అది నిశ్చంద్రం. మూడూ ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: రేణువు తగినంత సన్నబడిందా? ఈ కాలంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసినప్పుడు ఇలాంటి భస్మాల్లో నానో కొలతలోని రేణువులు కనిపించాయి.

దీన్నిబట్టి మన పూర్వులకు నానో విద్య తెలుసని చాటుకోవడం తగదు. వాళ్ళకు తెలిసింది సన్నదనం విలువ. అది గొప్ప అనుభవ జ్ఞానం. కానీ వేలి గీత కొలబద్ద అయినచోట ఒక వైద్యుడి భస్మం, పక్కఊరి వైద్యుడి భస్మం ఒకటేనని రుజువు చేసే దారి లేదు. శరీరంలోకి వెళ్ళాక ఆ రేణువు ఏం చేస్తుందో లెక్క తేల్చే దారీ లేదు. అనుభవం శాస్త్రం కావాలంటే మధ్యలో ఒక కొలత కావాలి.

అణువుకు పీట వేసిన పొర

ఆ కొలత వచ్చిన దారిలో విచిత్రంగా మళ్ళీ అభ్రకమే ఎదురవుతుంది. 1969లో కేంబ్రిడ్జిలో డేవిడ్ టేబర్, వింటర్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు ఒక సందేహం తీర్చుకోవాలనిపించింది. రెండు వస్తువులు తగలకుండా, అతి దగ్గరగా వచ్చినప్పుడు వాటి మధ్య ఆకర్షణ ఎంత? దాన్ని కొలవాలంటే పరమాణువంత గరుకు కూడా లేని రెండు తలాలు కావాలి. ఎంత మెరుగుపెట్టిన గాజు అయినా ఆ కొలతలో కొండలూ లోయలే. వాళ్ళు అప్పుడే చీల్చిన అభ్రకం పొరలను ఎంచుకున్నారు. సృష్టిలో అంత చదునైన తలం అంత సులువుగా దొరకడం అరుదు. కొద్ది సంవత్సరాల్లో ఇజ్రాయెలాచ్విలి ఆ పరికరాన్ని ఇంకా పదును పెట్టి, ఒకటి రెండు నానోమీటర్ల ఎడంలో కూడా ఆ బలాలను కొలిచాడు.

టేబర్ ప్రయోగానికి పదేళ్ళ ముందే, 1959 డిసెంబరు 29న అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్, పరమాణువులను ఒక్కొక్కటిగా పేర్చే రోజు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. 1974లో జపాను ఆచార్యుడు నోరియో తనిగుచి ఈ విద్యకు నానో టెక్నాలజీ అని పేరు పెట్టాడు. 1981లో జ్యూరిక్‌లోని ఐబీఎం ప్రయోగశాలలో బిన్నిగ్, రోరర్ కలిసి పరమాణువులను విడివిడిగా చూపించే మైక్రోస్కోపు చేశారు. దానికి లోహాల వంటి విద్యుత్తు పారే వస్తువులే కావాలి. ప్రాణికోటికి అది పనికిరాదు. 1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ ఆ లోపం తీర్చారు. సన్నని సూదిమొనతో తలాన్ని తడుముతూ ఎత్తుపల్లాలను చదివే పరమాణు బల మైక్రోస్కోపు అది. గుడ్డివాడు వేలితో అక్షరాలు చదివినట్టు.

ఆ సూది కింద డీఎన్ఏ పోగును పెట్టాలంటే రెండు నానోమీటర్ల ఆ పోగు కనబడేంత చదునైన పీట ఉండాలి. ఆ పీట అభ్రకం. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడైనా ఈ ప్రయోగం చేసే విద్యార్థి ముందుగా చేసే పని ఒక్కటే. అభ్రకం బిళ్ళ మీద అంటుకునే టేపు అతికించి, లాగి, తాజా పొర తీస్తాడు. ఆ పొర మీద ఋణావేశం ఉంటుంది, డీఎన్ఏకూ ఋణావేశమే. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మధ్యలో కాస్త మెగ్నీషియం కలిపితే అది ఇద్దరికీ చెయ్యి అందించి పోగును కదలకుండా కూర్చోబెడుతుంది.

టేపుతో పొర తీసే ఆ చిన్న పనే 2004లో మాంచెస్టర్‌లో చరిత్ర సృష్టించింది. గైమ్, నొవొసెలొవ్ అనే ఇద్దరు గ్రాఫైటు మీద టేపు అతికించి లాగుతూ లాగుతూ ఒక్క పరమాణువు మందమున్న కార్బన్ రేకు తీశారు. దాని పేరు గ్రాఫీన్. 2010లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ఆ గ్రాఫీన్‌ను ముడతల్లేకుండా పరచడానికి 2009లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఎంచుకున్న పీట కూడా అభ్రకమే. సైదాపురం దారిలో పిల్లలు గోటితో చేసే పనికి ఇంత వంశవృక్షం ఉంది.

తెల్లమచ్చ ఏడు

ఇప్పుడు తీరానికి తిరిగి వద్దాం. 1990ల మొదట్లో కండలేరు వాగు ముఖద్వారం నుంచి విడవలూరు, అల్లూరు వైపు దాకా ఉప్పునీటి గుంటలు పుట్టుకొచ్చాయి. వరి పొలాలు, చవిటి నేలలు, బీళ్ళు టైగర్ రొయ్యకు గుంటలయ్యాయి. పంట చేతికొస్తే ఒక్క పట్టుబడితో అప్పులు తీరి ఇల్లు లేచేది. 1991లో ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల మొదలైంది. తీరమంతా ఆశ.

1994 చివర్లో దెబ్బ పడింది. మేత తినడం మానేసిన రొయ్యలు గట్ల అంచులకు చేరాయి. ఒళ్ళు ఎర్రబారింది. తలపెంకు మీద మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తెల్లని మచ్చలు. మూడు నుంచి పది రోజుల్లో గుంట గుంటంతా తేలిపోయింది. రైతులు నీళ్ళు మార్చారు, సున్నం చల్లారు, మందులు కొట్టారు. చావులు ఆగలేదు. ఒక గుంట నీళ్ళు వాగులోకి వదిలితే ఆ వాగు నీళ్ళే పక్క గుంటకు ఎక్కేవి. చావు కూడా అదే దారిన ఎక్కింది. అదే వేళ తీరంలోని మంచినీళ్ళు ఉప్పుబారాయన్న పల్లెల గోడు కోర్టుకు చేరింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రొయ్యల సాగుకు పగ్గాలు వేసింది.

ఆ తెల్లమచ్చకు కారణం ఒక వైరస్. కొలవగా పొడవు సుమారు 275 నానోమీటర్లు, మందం సుమారు 120. వెంట్రుక మందంలో ఇలాంటివి వందల కొద్దీ పక్కపక్కన పడతాయి. అంటే నెల్లూరు తీరాన్ని కుదిపేసిన శత్రువు నానో ప్రపంచపు గడప మీద కూర్చున్నవాడు. కంటికి కనపడడు, మామూలు మైక్రోస్కోపుకు తేలడు. మచ్చ కనిపించేనాటికి పని అయిపోయి ఉంటుంది. రైతుకు కావలసింది మందు కన్నా ముందు ఆనవాలు. సీడ్ వదలకముందే, మేత మానకముందే ఆనవాలు దొరకాలి.

ఆ ఆనవాలు బంగారం ఇచ్చింది. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులు చేసి నీటిలో కలిపితే ఆ నీళ్ళు పసుపుపచ్చగా ఉండవు, దానిమ్మ రసంలా ఎర్రగా ఉంటాయి. రేణువులోని ఎలక్ట్రాన్లు కాంతికి ఒక్కుమ్మడిగా ఊగుతూ ఆకుపచ్చ వెలుగును మింగేస్తాయి, ఎరుపు మిగులుతుంది. 1857లోనే మైకేల్ ఫారడే ఈ ఎర్ర బంగారపు నీటిని చేసి, రంగుకు కారణం రేణువుల సన్నదనమేనని గ్రహించాడు. ఇప్పుడు ఆ రేణువులకు ఒక ప్రతిరక్షకాన్ని, అంటే ఆంటీబాడీని అంటిస్తారు. అది తెల్లమచ్చ వైరస్ ఒంటి మీది ప్రోటీనును మాత్రమే పట్టుకుంటుంది. కాగితపు పట్టీ మీద రొయ్య కణజాలపు రసం చుక్క వేస్తే అది పీల్చుకుంటూ ముందుకు పాకుతుంది. వైరస్ ఉంటే బంగారు రేణువులు దాన్ని మోసుకెళ్ళి ఒక గీత దగ్గర ఆగిపోతాయి. వేలకు వేల రేణువులు ఒకచోట చేరి కంటికి కనిపించే ఎర్ర గీతవుతాయి. 2006 నాటికి థాయిలాండ్ శాస్త్రవేత్తలు తెల్లమచ్చకు ఇలాంటి పట్టీని తయారుచేశారు. కరెంటు అక్కర్లేదు, ప్రయోగశాల అక్కర్లేదు, గట్టు మీదే నిమిషాల్లో తేలిపోతుంది. కరోనా కాలంలో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్షలోనూ ఇదే విద్య. వైరస్ మరీ తక్కువగా ఉన్నప్పుడు పట్టీకి అందకపోవచ్చు. అప్పుడు పీసీఆర్ పరీక్షే దిక్కు.

జీవశాస్త్రంలో నానో పని ఆనవాలుతో ఆగలేదు. మందును కొవ్వు బుడగలో పెట్టి రోగం ఉన్నచోటికి చేర్చే విద్య వచ్చింది. అలా చేసిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందుకు 1995లో అమెరికా అనుమతి దొరికింది. ఆ బుడగ కొలత సుమారు 100 నానోమీటర్లు. కరోనాకు వచ్చిన ఎంఆర్ఎన్ఏ టీకాలు శరీరంలోకి వెళ్ళింది కూడా అంతటి కొవ్వు రేణువుల పల్లకీలోనే. తెల్లమచ్చ వైరస్ మందం, ప్రాణం నిలిపే ఆ మందుబుడగ కొలత దాదాపు ఒకటే. ఆ కొలతలో ఉన్నది మృత్యువో, సంజీవనో మనిషి చేతిలోని విద్యను బట్టి ఉంటుంది.

శ్రీహరికోట నుంచి లేచిన 180

మూడో ఎదుర్కోలు పులికాటు అవతల. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్టు లేచింది. 2022 జిల్లాల విభజనలో ఆ దీవి తిరుపతి జిల్లాలోకి వెళ్ళినా, మన తీరపు కథలో దాని చోటు దానిదే. 2024 డిసెంబరు 30 రాత్రి అక్కడి నుంచి పీఎస్ఎల్వీ-సీ60 లేచింది. రెండు ఉపగ్రహాలను ఆకాశంలో కలిపే స్పేడెక్స్ ప్రయోగంగా దేశం దాన్ని గుర్తుపెట్టుకుంది. రాకెట్టు చివరి దశలో అలసంద గింజలు మొలకెత్తిన ముచ్చట కూడా పత్రికల్లో వచ్చింది. అదే చివరి దశలో, అంతగా చర్చకు రాని మరో ప్రయాణికుడు ఉన్నాడు. దాని పేరు విక్రమ్ 3201.

అది 32 బిట్ల మైక్రోప్రాసెసర్. రాకెట్టు దారి లెక్కలు కట్టే మెదడు. దాన్ని మొహాలీలోని సెమీకండక్టర్ ప్రయోగశాలలో 180 నానోమీటర్ల పద్ధతిలో తయారుచేశారు. సిలికాన్ పలక మీద కాంతితో గీసి, తొలిచి, పూత పూసి ట్రాన్సిస్టర్లను నిర్మిస్తారు. అందులోని సన్నని గీతల కొలతను 180 సూచిస్తుంది. తెల్లమచ్చ వైరస్ పొడవు కన్నా ఆ గీత చిన్నది. 1989లో అగ్నిప్రమాదంలో దగ్ధమై, మళ్ళీ నిలదొక్కుకున్న ప్రయోగశాల అది.

మన జేబుల్లోని ఫోన్లలో ‘3 నానోమీటర్ల’ చిప్పులున్నాయి కదా, ఇది పాతది కాదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ 3 అనేది ఇప్పుడు తరం పేరుగా మిగిలింది, చిప్పులోని ఏ భాగపు కచ్చితమైన కొలతా కాదు. పైగా రాకెట్టుకు కావలసింది వేరు. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల దాకా ఏ వేడిలోనైనా, ఎంత కుదుపులోనైనా లెక్క తప్పకూడదు. పెద్ద గీతలకు ఆ నిబ్బరం ఎక్కువ. ఈ జాతిలో పాతదైన 16 బిట్ల విక్రమ్ 1601 2009 నుంచే మన రాకెట్లను నడుపుతోంది. కొత్త విక్రమ్ తొలి విడత 2025 మార్చిలో ఇస్రో చేతికి అందింది.

రేడియోలో నెల్లూరు పొర ఉన్ననాడు ఆ రేడియో మనది కాదు. గుంటలో వైరస్ ఉన్ననాడు దాన్ని పసిగట్టే పట్టీ మన చేతిలో లేదు. విక్రమ్ విషయంలో గీత గీసిందీ, కొలిచిందీ, మన తీరం నుంచి లేపి పరీక్షించిందీ మనవాళ్ళే. నూరేళ్ళ పైబడిన ఈ కథలో నాకు గర్వం కలిగించే మలుపు ఇది. 2007లో కేంద్రం అయిదేళ్ళకు వెయ్యి కోట్లతో నానో మిషన్ మొదలుపెట్టింది. అలాంటి ఖర్చుకు అర్థం దొరికేది ఇటువంటి చోటే.

ధూళి నేర్పిన పాఠం

సన్నదనానికి ఇంకో ముఖం ఉంది. దాన్ని చెప్పకుండా ఈ భాగం ముగిస్తే గని కార్మికులకు అన్యాయం చేసినట్టే. అభ్రకం దొరికే రాతిలో పలుగురాయి ఉంటుంది. దాన్ని తొలిచేటప్పుడు లేచే ధూళిలో ముతకది ముక్కులో ఆగిపోతుంది, సన్ననిది ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. ఏళ్ళు గడిచేసరికి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటారు. వచ్చాక మళ్ళించే వైద్యం లేదు. చురుకు పెంచే సన్నదనమే విషం కూడా పెంచుతుందని మన గనులు ఎప్పుడో చెప్పాయి. నానో రేణువులు ఆ ధూళి కన్నా ఎంతో చిన్నవి. క్రిముల్ని చంపే నానో వెండి గుంటలోంచి వాగులోకి వెళ్తే అక్కడి మేలు చేసే సూక్ష్మజీవుల్నీ చంపగలదు. అందుకే ఈ విద్యలో లాభం లెక్క, హాని లెక్క ఒకే పుస్తకంలో రాసుకోవాలి.

ఈరోజు ఎరువు సీసాల మీద, రొయ్యల మందుల మీద, నీటి ఫిల్టర్ల మీద, బట్టల మీద నానో అన్న మాట కనిపిస్తోంది. రైతన్నలకు, గృహిణులకు, వైద్యం చేయించుకునేవారికి నా విన్నపం ఒక్కటే. ఆ మాట చూసి కొనకండి. రేణువు కొలత ఎంత, ఎవరు కొలిచారు, ఎక్కడ పరీక్షించారు, వాడాక ఎటు పోతుంది అని అడగండి. జవాబు చెప్పగలిగిన వస్తువునే ఇంటికి తెచ్చుకోండి. మన బడుల్లో ఉపాధ్యాయులకు ఇంకొక విన్నపం. నానో పాఠం చెప్పే రోజున ఒక అభ్రకం పెంకు తీసుకెళ్ళి పిల్లల చేతిలో పెట్టండి. మిల్లీమీటరులో పదోవంతు మందానికి లక్ష రేకులన్న లెక్క వాళ్ళ చేతే కట్టించండి. చీల్చిన పెంకు ధూళి మాత్రం పీల్చనివ్వకండి.

నేలలో సంపద ఉన్నంత మాత్రాన ఊరు బాగుపడదని నెల్లూరు గనులు రుజువు చేశాయి. దాన్ని కొలిచే విద్య ఊరిలో ఉన్ననాడే ఆ సంపద ఊరిదవుతుంది. కాకిబంగారం మనకు చెప్పిన మాట ఇదే.

(సశేషం)